చిన్న అలకు పెద్ద పలక

అలకు మనవారు పెట్టుకున్న పేర్లకు కొదువ లేదు. అమరసింహుడు వారివర్గంలో భంగము, తరంగము, ఊర్మి, వీచి అని మామూలు అలకు పేర్లు చెప్పి, పెద్ద అలల దగ్గరకు వచ్చేసరికి ఉల్లోలము, కల్లోలము అని వేరే రెండు పేర్లు చెప్పాడు. తెలుగులో అల ఉన్నది, కెరటం ఉన్నది, కరడు ఉన్నది. నేను పాఠం చెప్పిన రోజుల్లో పిల్లలు వీటన్నిటినీ ఒకే గాటను కట్టి, పర్యాయపదాలని వల్లించి పరీక్షలో వ్రాసేవారు. కాని అమరుడు ఉల్లోల కల్లోలాలను విడిగా పెట్టడంలో ఒక వివేకం ఉన్నది. వీచి వేరు, కల్లోలం వేరు. ఒకదానికి పనికివచ్చే సాధనం రెండవదానికి పనికిరాదు. అలలమీద స్వారీ చేసే పలకలను అమ్మే దుకాణాలలో ఈ వివేకం కనబడటం లేదన్నది నా ఫిర్యాదు.

ముందుగా మాట సంగతి తేల్చుకుందాం. సర్ఫ్‌బోర్డును తెలుగులో ఏమనాలి? తరంగఫలకం అని నేనొక సమాసం కట్టి చూపితే, అది పలికేలోగా అల దాటిపోతుందని మా మనవరాలు నవ్వింది. అలపలక అందాం. మన బళ్ళలో పసివాడి చేతికి మొట్టమొదట ఇచ్చేది కూడా పలకే కనుక ఈ మాట నాకు మరీ నచ్చింది. ఇంతకంటె మంచి మాట తోచిన మిత్రులు చెబితే మార్చుకోవడానికి సిద్ధం.

ఛందస్సు చెప్పుకుని బ్రతికిన వాడికి ఈ అలల గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. మా అమ్మాయి కుటుంబం ఫ్లోరిడాలో ఆర్లాండో నగరంలో ఉంటుంది. అక్కడినుంచి తూర్పుగా కారులో సుమారు గంటసేపు వెళ్తే కోకో బీచ్ అనే ఊరు, ఆ ఊరిని ఆనుకుని అట్లాంటిక్ మహాసముద్రం. మా మనవరాలికి పదహారేళ్ళు, యాభైయైదు కిలోల బరువు. నిరుడు వేసవి సెలవులన్నీ ఒక ఐస్‌క్రీము కొట్టులో పనిచేసి కూడబెట్టుకున్న సొమ్ములోనుంచి 600 డాలర్లు పోసి ఒక అలపలక కొనుక్కున్నది. దాని పొడవు 5 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 18 అంగుళాలు, మందం రెండంగుళాల పైచిలుకు. ఘనపరిమాణం 22 లీటర్లని దానిమీదే వ్రాసి ఉన్నది. ముక్కు సూదిగా ఉండి ఆకాశం వంక చూస్తూ ఉంటుంది. చూడటానికి ఎంత అందంగా ఉన్నదో చెప్పలేను. పోటీలలో గెలిచేవారు ఇటువంటిదే వాడతారనీ, నేర్చుకునేకొద్దీ ఇదే సరిపోతుందనీ దుకాణంలోని యువకుడు చెప్పాడట.

ఎనిమిది నెలలు ఆ పిల్ల దానితో కుస్తీ పట్టింది. నేను గొడుగు వేసుకుని ఇసుకలో కూర్చునేవాణ్ణి. పాత బడిపంతులి అలవాటు కనుక లెక్కపెట్టేవాణ్ణి. ఒక ఉదయం ముప్ఫైయొక్క అలలకు ప్రయత్నించి రెండింటిమీద లేచి నిలబడింది. ఆ రెండింటిలోను మూడు నాలుగు క్షణాల కంటె నిలవలేదు. ఒకనాడు తిరిగి వస్తూ కారులో, "తాతయ్యా, నాకు సముద్రం రాదు" అన్నది. లెక్కలు రావు, సంగీతం రాదు అన్నట్లుగా అన్నది. ఆ తరువాత మూడు వారాలు సముద్రం వైపు వెళ్ళలేదు. ముప్ఫైనాలుగేళ్ళ ఉద్యోగంలో "నాకు ఛందస్సు రాదు మాష్టారూ" అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో! అన్నవాళ్ళలో నిజంగా రానివాళ్ళు బహు కొద్దిమంది. తక్కినవాళ్ళకు ఎవరో ఒక మెట్టు ఎగరగొట్టి పాఠం మొదలుపెట్టి ఉంటారు. అందుకని ఈ పలకల సంగతి ఏమిటో చూద్దామని కూర్చున్నాను. చదివినదీ, ఒడ్డున కూర్చుని చూసినదీ కలిపి నాకు తేలినది ఒక్కటే. అల చిన్నదై, బలం లేనిదైతే పలక పెద్దదిగా ఉండాలి. పొడవుగా, వెడల్పుగా, దళసరిగా, చదునుగా ఉండాలి. ఆ పిల్లకు అంటగట్టినది దీనికి అన్నివిధాలా విరుద్ధమైన వస్తువు.

ఎందుకో చెప్తాను. అలలోని శక్తి దాని ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే 2 అడుగుల అలలో ఉండే శక్తి 4 అడుగుల అలలోని దానిలో సగం కాదు, నాలుగో వంతు. 6 అడుగుల అలతో పోలిస్తే తొమ్మిదో వంతు. ఇక ఒక అలకూ మరొక అలకూ మధ్య వ్యవధి మరొక లెక్క. ఎక్కడో వేల మైళ్ళ దూరంలో తుపాను పుట్టించిన అలలు పధ్నాలుగు పదహారు సెకన్లకు ఒకటి చొప్పున వస్తాయి, లోతునుంచి బలం తెచ్చుకుంటాయి. దగ్గరలో వీచిన గాలికి పుట్టినవి ఆరేడు సెకన్లకు ఒకటి వస్తాయి, చూపు ఎక్కువ, సత్తువ తక్కువ. ఫ్లోరిడా తూర్పు తీరంలో వేసవినాడు వచ్చేవి చాలావరకు ఈ రెండవ రకం. పైగా కోకో బీచ్ ఎదుట ఖండతీరపు అంచు చాలా దూరం మెల్లమెల్లగా వాలుతూ పోతుంది. అల ఆ మెరకమీద నడిచి నడిచి అలసిపోయి వస్తుంది. హవాయి ద్వీపాల సంగతి అది కాదు. అక్కడ అగాధంలోనుంచి వచ్చిన అల ఒక్కసారిగా పగడపు దిబ్బను ఢీకొని నిట్టనిలువుగా లేస్తుంది. అది కల్లోలం. కోకో బీచ్‌లో వేసవి ఉదయం మనం చూసేది వీచి. ఒక్కొక్కనాడు అది కూడా కాదు, పాలమీద ఊదితే లేచే మీగడ ముడత.

అల సుమారుగా తన ఎత్తుకు ఒకటింబావు రెట్లు లోతున్న చోట విరుగుతుంది. 2 అడుగుల అల విరిగేచోట దాని వేగం గంటకు దాదాపు 10 కిలోమీటర్లు. బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేసే పిల్ల వేగం అందులో సగం ఉంటే గొప్ప. ఈ లోటును పూడ్చవలసినది అల వాలు. వాలు నిటారుగా ఉంటే ఎటువంటి పలకైనా జారుతుంది. బలహీనమైన అలకు వాలు ఉండదు. వాలు వచ్చేసరికి అల విరిగి నురగైపోతుంది. కనుక వాలు ఇంకా కొద్దిగా ఉన్నప్పుడే పలక నీటిని చీల్చుకుపోవడం మాని నీటిమీద జారడం మొదలుపెట్టాలి. తక్కువ వేగంలో జారాలంటే నీటికి తగిలే వైశాల్యం ఎక్కువ ఉండాలి. చిన్న రాయి నీళ్ళమీద కప్పగంతులు వేయాలంటే గట్టిగా విసరాలి, పెద్ద పలుచని పెంకు అయితే మెల్లగా విసిరినా సాగుతుందని చెరువుగట్టున ఆడుకున్నవారికి ఎవరికైనా తెలుసు.

ఇప్పుడు మా పిల్ల పలకను చూడండి. 22 లీటర్లు. ఆమె పడుకోగానే అది ఆమె రొమ్ముతో సహా నీటిలోకి దిగబడుతుంది. వేసిన ప్రతి తెడ్డూ నీటిని నెట్టడానికే సరిపోతుంది. ముక్కు పైకి వంగి ఉన్నది. ఆ వంపును వారు రాకర్ అంటారు. నిట్టనిలువు అలలో దిగేటప్పుడు ముక్కు నీటిలో గుచ్చుకోకుండా అది కాపాడుతుంది. చదును అలలో అదే వంపు నాగలిలా నీటిని దున్నుతుంది. అనుభవజ్ఞుడు తన బరువులో మూడో వంతుకు కొంచెం మించిన లీటర్లతో నెట్టుకు రాగలడు. నేర్చుకునేవారికి వాడుకలో ఉన్న లెక్క వేరు. మనిషి బరువు కిలోలలో ఎంతో, పలక లీటర్లలో అంతకు తగ్గకూడదు. ఆ లెక్కన ఆమెకు 55 లీటర్లు కావాలి. మామూలు 9 అడుగుల పొడవు పలక 60 లీటర్లకు అటూఇటూగా ఉంటుంది. సరిగ్గా సరిపోతుంది.

ఇది నేను కనిపెట్టిన రహస్యం కాదు. హవాయివారికి పూర్వంనుంచీ తెలిసినదే. వారు రెండు రకాల పలకలు చేసుకున్నారు. పొట్టిగా, పలుచగా ఉండే దానిని అలాయా అన్నారు (అందులో మన అల ఉన్నదని మురిసిపోవద్దు, అది వేరే భాష). నిలువు అలలకు అది వాడేవారు. ఓలో అనేది మనిషికి రెండింతలకు మించిన పొడవు ఉండేది, దానిని రాచవారు వాడేవారు. వైకీకీ తీరంలో మెల్లగా, దూరంగా సాగే అలలమీద దానిని నడిపేవారు. తరచుగా విలివిలి అనే తేలికైన కర్రతో దానిని చేసేవారు. ఆ చెట్టు మన బాడిద చెట్టుకు దగ్గరి చుట్టం. హోనొలులులోని బిషప్ మ్యూజియంలో పాకీ అనే దొరగారి ఓలో పలకలు ఉన్నాయి. 1920లలో టామ్ బ్లేక్ అనే ఆయన వాటిని బాగుచేసి, ఆ పొడవును చూసి ముచ్చటపడి, అంత బరువు లేకుండా లోపల డొల్లగా ఉండే పలకలను తయారుచేశాడు. పలక అడుగున వాజం అమర్చడం మొదలుపెట్టినది కూడా ఆయనే, 1935లో. చెప్పవచ్చినదేమంటే, పెద్ద పలక చేతకానివాడి ఊతకర్ర కాదు, రాజుల వాహనం. అది పసిపిల్లలదీ ముసలివాళ్ళదీ అన్న చిన్నచూపు తరువాత వచ్చిన రోగం.

1940ల చివర కాలిఫోర్నియాలో బాబ్ సిమ్మన్స్ అనే మనిషి ఈ జారడమనే సంగతిని శాస్త్రంగా పట్టుకున్నాడు. వేగంగా పోయే పడవల అడుగుభాగం ఎలా ఉండాలో చెప్తూ లిండ్సే లార్డ్ 1946లో వెలువరించిన నౌకానిర్మాణ గ్రంథాన్ని చదివి, దానినిబట్టి పలకల తోకను వెడల్పు చేశాడు, రెండు వాజాలు పెట్టి చూశాడు. 1954లో విండన్‌సీ దగ్గర అలలలోనే చనిపోయాడు. ఆయన పని ఇంకొంతకాలం సాగి ఉంటే ఈ వ్యాపారం మరోదారిలో నడిచేదేమోనని నాకనిపిస్తుంది. 1966లో శాన్ డియాగోలో జరిగిన ప్రపంచపోటీలో గెలిచిన ఆస్ట్రేలియా యువకుడు నాట్ యంగ్ వాడినది 9 అడుగుల 4 అంగుళాల పలక. ఆ తరువాత నాలుగైదేళ్ళలోనే పలకలు ఏడడుగులకూ, అంతకంటె తక్కువకూ కుంచించుకుపోయాయి. కొత్త పొట్టి పలకలు పెద్ద అలలమీద అద్భుతాలు చేశాయి, కాదనను. కాని వాటి వెంట చిన్న అల గౌరవం కూడా కుంచించుకుపోయింది. 1981లో సైమన్ ఆండర్సన్ మూడు వాజాల పలకతో ఆస్ట్రేలియాలోని బెల్స్ బీచ్‌లో నెగ్గాడు. అప్పటినుంచి లోకమంతటా అదే మూస.

ఇక్కడ ఒక వింత ఉన్నది. ప్రపంచ విజేతగా 11 సార్లు నిలిచిన కెల్లీ స్లేటర్ పుట్టి పెరిగినది ఈ కోకో బీచ్‌లోనే. ఊళ్ళో ఆయన విగ్రహం కూడా ఉన్నది. ఈ నీరసపు అలలలోనే ఆయన విద్య నేర్చాడు. 1992లో ఇరవయ్యేళ్ళకు మొదటిసారి ప్రపంచ విజేత అయ్యాడు. ఆ దశాబ్దంలో ఆయనా ఆయన తోటివారూ వాడిన పలకలు ఎంత పలుచనివంటే వాటిని బంగాళాదుంప చిప్స్ అని వేళాకోళం చేసేవారు. వారి కాళ్ళలో ఉన్న విద్యకు, వారు వెళ్ళే చోట్ల ఉన్న అలలకు అవి తగినవి. వాటిని చూసి లోకంలోని నడివయసు ఉద్యోగులూ, బడిపిల్లలూ అవే కొన్నారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లయింది. మహాకవి వాడిన గంటం కొంటే ప్రబంధం వస్తుందా? గంటమైతే కనీసం మన చేతిలో కూడా గీతలు గీస్తుంది. ఈ పలక అది కూడా చేయదు.

అయితే పొట్టి పలకలన్నీ చెడ్డవని అనను. 1967లో శాన్ డియాగోలో స్టీవ్ లిస్ మోకాళ్ళమీద నిలిచి స్వారీ చేయడానికని ఒక పలక చేశాడు. పొట్టిగా, బాగా వెడల్పుగా, దళసరిగా ఉండి, తోక చేపతోకలా రెండుగా చీలి ఉంటుంది. దానిని చేప అనే పిలుస్తారు. 1976లో రెనో అబెలీరా అటువంటి పలకను ఆస్ట్రేలియాకు తీసుకువెళ్ళగా మార్క్ రిచర్డ్స్ చూసి, దానిని తన పద్ధతికి మలచుకుని, 1979నుంచి 1982దాకా వరుసగా నాలుగుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. చిన్న అలలలో ఆయనను పట్టేవారు లేకపోయారు. సిమ్మన్స్ చెప్పిన వెడల్పు తోక ధర్మమే ఇదీను. లేచి నిలబడటం అలవాటైనవారికి చిన్న అలలలో చేప చక్కని ఎంపిక. అయిదడుగుల ఎనిమిదంగుళాల చేపను, ఇరవైయొకటి అంగుళాల వెడల్పున్నదానిని, కొన్నాళ్ళ తరువాత మా పిల్లే కొనవచ్చు. ఇప్పుడు మాత్రం వద్దంటాను. చేపకు వెడల్పు ఉన్నది గాని పొడవు లేదు. అలను ముందుగా అందుకోవడానికి పొడవే ఆధారం. నిలబడటానికి వ్యవధి ఇచ్చేదీ పొడవే. ముప్ఫై అలలకు రెండు దొరికే పిల్లకు ఇరవై దొరకాలి. అన్నిసార్లు నిలబడితే తక్కినదంతా కాళ్ళే నేర్చుకుంటాయి.

దీనికి ఎదురు వాదన ఉన్నది. మా అల్లుడే చేశాడు. "కష్టమైన దానిమీద నేర్చుకుంటే తరువాత ఏదైనా తేలికే కదా మామయ్యా" అన్నాడు. వినడానికి పౌరుషంగా ఉంటుంది. వసుచరిత్రతో అక్షరాభ్యాసం చేయిస్తే వేమన పద్యం ఇట్టే వస్తుందని ఎవరూ అనరే! శ్లేష విప్పడానికి ముందు పద్యం నడక చెవికి పట్టాలి. ఎన్నో పద్యాలు నోటికి రావాలి. అల విషయంలో కూడా ముందు కావలసినది సంఖ్య. గంటసేపు నీటిలో ఉన్నవాడు మొత్తం మీద ఒక నిమిషమైనా పలకమీద నిలబడి ఉండడు. ఇది ఎంత లోభితనపు విద్య అంటే, వయొలిన్ నేర్చుకునేవాడికి గంటలో నిమిషంపాటే కమాను చేతికి ఇచ్చినట్లు. ఆ నిమిషాన్ని ఇంకా కోసేసే పలకను కొనడం ఏమి పౌరుషం?

పెద్ద పలక తిరగదు, అలవచ్చినప్పుడు దానిని నీటిలోకి తొక్కి క్రిందుగా దూరిపోవడం కుదరదు అని మరొక ఆక్షేపణ. నిజమే. రెండడుగుల అలకు క్రిందుగా దూరవలసిన అవసరమేమిటి? మోచేతులమీద లేస్తే చాలు, అల పలకకూ మనిషికీ మధ్యగా పోతుంది. తిరగడం విషయానికి వస్తే, పొడవు పలకమీద చేసే పనులు వేరు. అడుగులో అడుగు వేసుకుంటూ ముక్కుదాకా నడిచి, పది కాలివ్రేళ్ళూ అంచు దాటించి నిలబడటం ఒక విద్య. వైకీకీకి చెందిన కెలియా మోనిజ్ అనే అమ్మాయి 2012లోను, 2013లోను పొడవు పలకల పోటీలో ప్రపంచ విజేత అయింది. ఆమె నడక చూసిన తరువాత పొడవు పలక ముసలివారిదని మా మనవరాలు మళ్ళీ అనలేదు. నాట్యం చేస్తున్నట్లుగా ఉంటుంది. త్వర లేదు.

నేను ఒప్పుకునే ఆక్షేపణ ఒకటున్నది. తొమ్మిదడుగుల పలక చేయి జారితే ప్రక్కవాడి నెత్తి పగులుతుంది. కాలికి కట్టే పట్టీ పలకంత పొడవు ఉండాలి కనుక అది తిరిగే చుట్టుకొలత కూడా పెద్దదే. పొడవు పలకవాడు అందరికంటె లోపల కూర్చుని వచ్చిన ప్రతి అలనూ తానే తీసుకోగలడు. పొట్టి పలకల పిల్లలు ముఖాలు వేలాడేసుకుని చూస్తూ ఉంటారు. ఇది పంక్తిభోజనంలో గరిటె చేతిలో ఉన్నవాడు తన విస్తరే నింపుకున్నట్లుంటుంది. ఈ దురలవాటు ఉన్న పెద్దమనుషులను ఇద్దరు ముగ్గురిని నేనే చూశాను. మూడు అలలు వస్తే ఒకటి తీసుకో అని మా పిల్లకు ముందే చెప్పాను. ఇంకొకటి, ఒడ్డుకు అతి దగ్గరలో దభాలున విరిగే నిలువు అలకు, అది చిన్నదైనా, పొడవు పలక పనికిరాదు. ముక్కు ఇసుకలో గుచ్చుకుంటుంది. చిన్న అల అన్నంత మాత్రాన సరిపోదు, నీరసపు అల అయి ఉండాలి.

నేను భీమునిపట్నం ప్రాంతంలో పుట్టి పెరిగినవాణ్ణి. మా చిన్నతనంలో మరపడవలు ఇన్ని లేవు. నాలుగైదు దుంగలను త్రాళ్ళతో బిగించిన తెప్పలమీద జాలరులు అలలు దాటి వేటకు పోయేవారు. తిరిగి వచ్చేటప్పుడు వెనుకకు చూస్తూ ఆగి, తగిన అల వీపుకు తగిలేదాకా ఉండి, దానితోపాటే జారి ఇసుకమీదకు వచ్చేవారు. ఆ పని ఆటకోసం చేసినది కాదు, ఆనాటి కూటికోసం చేసినది. అందువల్ల ఆ తెప్పలో వేషం లేదు. వెడల్పు, తేలిక, చదును, అంతే. మద్రాసునుంచి మన తీరం పొడుగునా వాడిన మసూలా పడవకు కూడా మేకులు లేకుండా కొబ్బరిత్రాటితో పలకలు కుట్టేవారు, అల కొట్టినప్పుడు వంగడానికి. ఎదుట ఉన్న అలను చూసి సాధనం చేసుకున్నారు తప్ప, మరో సముద్రంలోని వీరుణ్ణి చూసి చేసుకోలేదు. ఇప్పుడు విశాఖలో, ఋషికొండ దగ్గర కూడా కుర్రవాళ్ళు అలపలకలతో కనిపిస్తున్నారు. మద్రాసు దగ్గర కోవళంలో జాలరుల పిల్లలే పోటీలలో గెలుస్తున్నారు. వారికి ఈ సలహా నేను చెప్పనక్కరలేదేమో. కాని ఊరినుంచి సెలవులకు వెళ్ళి, అంతర్జాలంలో బొమ్మ చూసి, వేలకు వేలు పోసి సూదిముక్కు పలక తెప్పించుకునేవారికి తప్పక చెప్పాలి.

మెత్తటి నురుగుతో చేసిన ఎనిమిదడుగుల పలకలు పెద్ద టోకు అంగళ్ళలో దొరుకుతాయి. వాటిని చూసి మూతి విరిచేవారు చాలామంది. నాకు వాటిమీద గౌరవం ఉన్నది. ఎనభై లీటర్లకు పైగా ఉంటాయి, గాయాల భయం తక్కువ, వెల తక్కువ. మొదటి ఏడాదికి అంతకు మించినది అక్కరలేదు. మా పిల్ల ఎనిమిది నెలలు నీటిలో నానినది కనుకనే గట్టి పలకకు ఒప్పుకున్నాను.

క్రొత్తది కొనడం అనవసరం. పక్క ఊరిలో ఒకాయన గారేజిలో 9 అడుగుల పాత పలక ఉన్నదని తెలిసింది. వెడల్పు 22న్నర, మందం రెండుంపావు కాదు, రెండుముప్పావు. తోక వెడల్పు, ముక్కు గుండ్రన, ఒకే పెద్ద వాజం. ఆయన అడుగుతున్నది మా పిల్ల పాత పలకకు పోసినదానిలో సగానికి తక్కువ. ముక్కు దగ్గర ఒక అతుకు ఉన్నదట. అతుకుకు భయపడనక్కరలేదు, పగులు తెరుచుకుని ఉంటే భయపడాలి. లోపలి నురుగు నీరు పీల్చి ఉంటే పలక ఒక ప్రక్కకు బరువుగా తూగుతుంది. రంగు పసుపు తిరగడం వయసు మాత్రమే, కాని పైపొర వ్రేలితో నొక్కితే లోపలికి పోతే ఆ పలక వద్దు. వాజం మొదలు దగ్గర చుట్టూ చీలిక ఉన్నదేమో గోటితో గీసి చూడాలి. ఇవన్నీ ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చాను. "తాతయ్యా, మళ్ళీ చీటీలా?" అన్నది గాని కాగితం జేబులో పెట్టుకున్నది.

శనివారం వెళ్ళి చూస్తున్నాం. కారు పైన కట్టడానికి పట్టీలు మా అల్లుడు ముందే తెచ్చి పెట్టాడు. పాత పలకను అమ్మేద్దామంటే పిల్ల ఒప్పుకోలేదు. తన గదిలో గోడకు ఆనించి ఉంచింది. శరదృతువులో తుపానులు దూరంగా పోతున్నప్పుడు ఈ తీరానికి కూడా మంచి అలలు వస్తాయి, అప్పుడు చూద్దామంటున్నది. అందుకు నాకు అభ్యంతరం లేదు.